జత లేనిదే నిలబడని ఎద్దు

కడపలో నేను పని నేర్చుకున్న స్టూడియోకు జనం పెండ్లి సంబంధానికో, ఉద్యోగం దరఖాస్తుకో ఫోటో కావాలని వచ్చేవాళ్లు. ఎద్దుకు ఫోటో కావాలని వచ్చిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. వేంపల్లె పక్క పల్లెలో రైతు ఆయన. కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే చెప్పాడు.

"మా ఎద్దు ముసలిదైపోయినాదప్పా. అది పోయేలోగా దాని పోటో ఇంట్లో ఒగటి ఉండల్ల. నువ్వే రావల్ల. అది బస్సెక్కదు గదా."

మా ఉస్తాదు పగలబడి నవ్వాడు. స్టూడియో ఆయనదే, నాకు ఫోటోలు తీయడం నేర్పిందీ ఆయనే. మోకాళ్ల నొప్పులతో బయటి పనులకు పోవడం మానేశాడు. "నువ్వు పో బేటా. ఎద్దుకు నవ్వమని చెప్పే పనన్నా తప్పుతుంది" అని నన్ను పంపించాడు.

నాకప్పుడు ఇరవై రెండేండ్లు. ఒక్కణ్ణే కెమెరా తీసుకుని పోవడం అదే మొదలు. కొయ్య కెమెరా, మూడుకాళ్ల స్టాండు, నెత్తిన కప్పుకునే నల్లగుడ్డ, మూడు గాజు ప్లేట్లు. ప్లేటుకు ఒక్క ఫోటోనే వస్తుంది. లెన్సు మూత తీసి ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు ఎదుట ఉన్నది కదలకూడదు.

కల్లంలో ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి సిద్ధంగా పెట్టారు. తెల్లటి ఎద్దు, మూపురం చూస్తే వయసు తెలియదు. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. నేను మూత తీసేసరికి ఎద్దు పడమటి వీధికేసి తల తిప్పింది. మొదటి ప్లేటు పోయింది. రెండోసారి ఏకంగా వెనక్కి తిరిగి నాకు తోక చూపించింది. జనం గొల్లుమన్నారు. ఇక మిగిలింది ఒక్క ప్లేటే.

ఆ రైతు తల్లి ముందుకొచ్చింది. "నువ్వెన్ని తిప్పలు పడినా అది నిలబడదు నాయనా. దాని జత పెద్దోని ఇంట్లో ఉండాది. ఆ పక్కకే చూస్తాంది."

సంగతి అప్పుడు తెలిసింది. అన్నదమ్ములిద్దరూ ఆరేండ్ల కిందట భాగాలు పంచుకుంటూ ఎద్దుల జతను కూడా చెరొకటి తీసుకున్నారు. బండలాగుడు పందెంలో గెలిపించింది నా ఎద్దంటే నా ఎద్దని ఆ రోజు మాటామాటా పెరిగింది. అప్పటినుంచి ఒకరితో ఒకరికి మాటల్లేవు.

అవ్వను వెంటబెట్టుకుని అన్న ఇంటికి పోయాను. ఆయన అరుగుమీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"ఎద్దు కావల్లంటే తోలుకపో. నేను లేకుండా అది యాడికీ రాదు, చెప్తాండా" అని లేచాడు. చూద్దును గదా, అప్పటికే ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

రెండు ఎద్దులూ ఒకదాని మెడ ఒకటి నాకుతూ కాసేపు మమ్మల్ని పట్టించుకోలేదు. తర్వాత పక్కపక్కన నిలబడ్డాయి. అన్నదమ్ములు మాత్రం ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, ఎవరి ఎద్దు ముకుతాడు వాళ్లు పట్టుకుని.

"ఆయన్ను రోంత ఇవతలికి జరగమనప్పా" అన్నాడు తమ్ముడు నాతో.

"నా ఎద్దు యాడ నిలబడాలో నాకు తెలుసునని చెప్పప్పా" అన్నాడు అన్న, అదీ నాతోనే.

ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతునయ్యాను. ఎద్దులు ఉన్నట్టుండి మళ్లీ కాళ్లు కదపడం మొదలుపెట్టాయి. మొదట నిలబెట్టేటప్పుడు వెలుతురు బాగా పడుతుందని రెండింటినీ అటూ ఇటూ మార్చింది నేనే. ఎద్దుల తీరు చూసి అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే కేకేశారు.

"అట్ల గాదప్పా! అది దాపటెద్దు!"

కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు. బతుకంతా ఎడమ పక్క నడిచినదాన్ని నేను కుడి పక్క నిలబెట్టాను. ఇద్దరూ ముకుతాళ్లు పట్టుకుని ఎద్దుల్ని అటూ ఇటూ మార్చారు. "నువ్వు జరుగు", "నువ్వు ముందు రా" అని ఒకరికొకరు చెప్పుకుంటూనే మార్చారు. ఎద్దులు చోటు మారేసరికి బయటి పక్కనున్న అన్నదమ్ములు మధ్యలోకి వచ్చారు, భుజానికి భుజం.

తమ్ముడే ముందు అన్న ఎద్దు మూపురం తట్టాడు.

"బండ లాగింది నీదేలేన్నా."

"ఒగటే యాడ లాగుతాదిరా, పిచ్చోడా" అన్నాడు అన్న.

ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు. నేను ఆలోచించలేదు. మూత తీశాను. ఒకటి, రెండు. మూశాను.

చీకటి గదిలో ప్లేటు కడిగి చూశాను. ఎద్దులు చెక్కిన బొమ్మల్లా ఉన్నాయి. మనుషులిద్దరూ కెమెరాకేసి చూడనేలేదు, అన్న చెయ్యి కదిలి మసకైంది. పాడు చేశానని ఉస్తాదుకు చెప్పేశాను. ఆయన ఎర్రదీపం ముందర ప్లేటును చాలాసేపు పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్లుగా నేను జనాన్ని ఇటు చూడండి, ఇటు చూడండి అనే అంటున్నా బేటా. చూడద్దని చెప్పాలని ఒక్కరోజన్నా తట్టలేదు" అన్నాడు. అన్నదమ్ములకు రెండు కాపీలు తీయించి, మూడోది వీధికి కనబడేలా స్టూడియో ముందరి అద్దంలో పెట్టాడు. దాన్ని చూసి, "మమ్మల్నీ అట్లా తీయప్పా" అంటూ వచ్చినవాళ్లున్నారు.

ఆ ఏడు తొలకరికి రెండు ఎద్దుల్నీ ఒకే కాడికి కట్టారట. ఒకరోజు అన్న చేను, ఒకరోజు తమ్ముడి చేను. వయసు మీదపడ్డవి గనక పొద్దెక్కేలోపలే విప్పేసేవారట. భూములు మళ్లీ కలవలేదు, పొయ్యిలూ కలవలేదు. పండక్కి పిలుపులు మాత్రం మొదలయ్యాయి.

వానలు తగ్గాక అవ్వ కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని కడపకు బస్సు దిగింది. అద్దంలో ఫోటోను దగ్గరగా పోయి చూసింది.

"ఎద్దులుండాయి, మీరుండారు. కని పెంచిందాన్ని నేను యాడ?" అని లోపలికొచ్చి కెమెరా ముందున్న కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంది. "రాండిరా, చెరో పక్క నిలబడండి. దాపటెవరో మీరే తేల్చుకోండి."