గోడ చాలని సినిమా

ఆ రోజుల్లో నాకున్న పిచ్చి ఒక్కటే: చిటికెన వేలంత వెడల్పైనా లేని ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము మీద, సినిమాహాలు తెరంత వెడల్పు బొమ్మ తీయాలని. రాయ్‌పూర్‌లో అందరూ వీడియో కెమెరాలు కొనుక్కుంటున్న కాలం అది. నేను మాత్రం భన్‌పురిలో లారీ ఆఫీసు జీతమంతా పాత రీళ్ళకీ, వాటిని కడిగించడానికి బొంబాయి పంపడానికీ తగలేసేవాణ్ణి. (నాన్న మాటల్లో, "ఇంజను లేని రైలుకి టికెట్ కొనే మొహం".) గుఢియారీలో ఒక పాతసామాన్ల కబాడీ కొట్లో, మూతబడిన సినిమాహాలు సామాన్ల మధ్య, బరువైన లెన్సు అద్దమొకటి దొరికింది. కెమెరా ముందు పెడితే వెడల్పాటి దృశ్యాన్ని సన్నగా నొక్కి ఫిల్ములో ఇరికిస్తుంది. ప్రొజెక్టరు ముందు పెడితే మళ్ళీ విప్పి పరుస్తుంది. నా పాలిట అది కోహినూరే.

దానికి పని కల్పించింది నాయనమ్మ. మా రైల్వే క్వార్టర్లో తోడికోడళ్ళు, అంటే అమ్మా పిన్నీ, మాటలు మానేసి చాలా కాలమైంది. కూలరు ఎవరి గది వైపు తిప్పాలన్నదే తగువు. (రాయ్‌పూర్ మే నెల ఎరిగినవాళ్ళెవరూ నవ్వరు.) "నా కళ్ళకి సుక్లాలు కమ్మేత్తన్నాయిరా బాబూ. సూపుండగా నా ఇద్దరు కోడళ్ళనీ ఒక్క బొమ్మలో సూడాల" అంది నాయనమ్మ. అమ్మనడిగితే, "తియ్యిరా, కానీ దాని పక్కన మాత్రం నిలబడను, బస్" అంది. పిన్నేమో, "మధ్యలో జగా ఉంటేనే నేనొస్తా" అంది. వెడల్పు బొమ్మకి ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది! పెరట్లో ఈ కొసన అమ్మ, ఆ కొసన పిన్ని, మధ్య దండెం మీద నాన్న లుంగీ. అలాగే సినిమా తీసేశాను.

రీలు తిరిగొచ్చిన ఆదివారం, పట్టపగలే కిటికీలకు దుప్పట్లు కట్టి, ముందు గదిలో ఆట వేశాను. బొమ్మ బ్రహ్మాండంగా విప్పుకుంది గానీ గోడ చాల్లేదు. అమ్మ వెళ్ళి బీరువా మీద పడింది, పిన్ని తలుపు పరదా ముడతల్లో కలిసిపోయింది. గోడ నిండా లుంగీయే. ప్రొజెక్టరు ముందుకు జరిపితే బొమ్మ చిన్నదై నాయనమ్మ కంటికి ఆనలేదు. "కోడళ్ళేరిరా?" అంది పాపం, బిక్కమొహం వేసి. ఇక గత్యంతరం లేక అద్దం పీకేశాను. అంతే, పెరడంతా సగానికి ముడుచుకుని, తోడికోడళ్ళిద్దరూ ఒకే గోడ మీదికి దగ్గరగా వచ్చేశారు. కాకపోతే వెదురు బద్దల్లా ఉన్నారు.

చెరో గుమ్మంలో నిలబడి చూస్తున్న ఇద్దరిలో ముందు నోరు జారింది పిన్నే. "అరే అక్కా, నువ్వు అచ్చం అగరుబత్తీవే!"

"నీ సంగతి చూసుకోవే. ఎవరైనా గట్టిగా తుమ్మితే ఎగిరెళ్ళి బీర్‌గావ్‌లో పడేలా ఉన్నావ్" అంది అమ్మ. ఆ తరువాత ఎవరు ఎవరి మీద పడి నవ్వారో చెప్పలేను గానీ, ఇద్దరూ నాయనమ్మ కుర్చీ వెనకనున్న మంచం మీదే కూలబడ్డారు.

నాయనమ్మ గోడకేసి చూసి, "ఈ సన్నటోళ్ళు ఎవుల్రా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కుర్చీ వెనక్కి తిప్పుకుంది. పడీపడీ నవ్వుతున్న కోడళ్ళిద్దర్నీ కళ్ళు చిట్లించి చూస్తూ ఉండిపోయింది. నాకెంత ఉక్రోషమొచ్చిందో! "సినిమా అటు కాదు నాయనమ్మా, ఇటు!" అని రీలు అయిపోయేదాకా అరుస్తూనే ఉన్నాను. అప్పటి నేను, ఆ కుర్రాడు, ఇప్పుడెక్కడైనా ఎదురైతే చెవి మెలేసి, "ఒరే, నువ్వూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడరా" అని చెప్పాలనిపిస్తుంది.