యాభై రెండు సెంటీమీటర్ల మెడ

అల్ కుసైస్‌లో మా షెడ్డు పని, విల్లాల ముందు నిలబెట్టే సిమెంటు స్తంభాలు పోయడం. 2005 ఎండాకాలంలో ఒకే విల్లాకి ఎనిమిది స్తంభాలు కావాలన్నారు. డ్రాయింగులో స్తంభం అడుగున వ్యాసం అరవై సెంటీమీటర్లు, పైన మెడ దగ్గర యాభై. నేను దాన్ని యాభై రెండు చేయించాను.

ఎందుకు చేయించానో చెప్పాలంటే ముందు లైబ్రరీ సంగతి చెప్పాలి. పదో తరగతి తప్పి నెల్లూరు నుంచి ఈ ఎడారి దేశానికి పనికి వచ్చినవాణ్ణి. గురువారం మధ్యాహ్నం పని ఆగగానే తక్కినవాళ్లు సోనాపూర్ లేబర్ క్యాంపుకి పోయి బట్టలుతుక్కునేవాళ్లు. నేను దేరా బస్సెక్కేవాణ్ణి. పబ్లిక్ లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం చదివితే పూటకి నాలుగైదు పేజీలు సాగేవి. అక్కడే ఒక పుస్తకంలో దొరికాడు ఒక ఫ్రెంచాయన. మూడు వందల ఏళ్ల కిందటి మనిషి, వృత్తికి వైద్యుడు. రోమన్ల కాలం నాటి నిర్మాణ గ్రంథాన్ని లాటిన్ నుంచి తన భాషలోకి తెచ్చాడు. రాజభవనానికి జంట స్తంభాల వరస గీశాడు. వైద్యుడికి కట్టడాలతో ఏం పని అని వెక్కిరించినవాళ్లు ఉన్నారట. ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను.

చివరికి ఆయన చచ్చిన ఒంటెను కోసి పరిశీలించి, జబ్బు అంటుకుని పోయాడు. చాయ్ దగ్గర ఈ కథ చెబితే కాక పగలబడి నవ్వాడు. కాక మా అచ్చుల మేస్త్రీ. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటినవాడు. అందరికీ కాకే.

"ఒంటెను కోసి సచ్చిండా? ఈడికొస్తే మనోళ్లు బిర్యానీ చేసి పెడుదురు గద సారూ!"

నన్ను సారూ అనడం ఎగతాళికే. కానీ డ్రాయింగు చదివి కొలతలు చెప్పేది నేనే కాబట్టి, పనిలో నా మాటే వినేవాడు. నేను చెప్పిన కొలతకి చెక్క పలక కోసేవాడు. దాన్ని ఫర్మా అనేవాళ్లం, అచ్చు దాన్నిబట్టే తయారయ్యేది. కోసినవాడు తన లేబర్ నంబరును ఫర్మా వెనక పెయింటుతో రాయాలి.

"డ్రాయింగుల యాభయ్యేనా?" అన్నాడు కాక.

"యాభై తప్పు కాకా. స్తంభం పైకి పోయేకొద్దీ ఏడున్నరో వంతే తగ్గాలి. లెక్క కడితే యాభై రెండు. పెద్ద పండితుడు రాసింది."

"నీ ఇష్టం. నువ్వు సదువుకున్నోనివి."

యాభై రెండుకే కోసి, వెనక తన నంబరు రాశాడు.

ఎనిమిదీ పోశాక, స్తంభాల తలమీద కూర్చోబెట్టే ఆకుల కిరీటాలు షార్జా నుంచి లారీలో వచ్చాయి. వాటిని ఇంకో ఫ్యాక్టరీవాళ్లు డ్రాయింగు ప్రకారం యాభైకే చేశారు. మొదటిదాన్ని గొలుసుతో ఎత్తి దించితే, కిరీటం చుట్టూ సెంటీమీటరు మేర మెడ బయటికి పొడుచుకుని ఉంది. రెండోదీ అంతే. అప్పుడుగానీ నాకు తట్టలేదు, కిరీటాలు వేరేవాళ్లు చేస్తున్నారని ముందే తెలిసీ నేను వాటి గురించి ఆలోచించలేదని.

ఫోర్‌మన్ ఫర్మా తిప్పి నంబరు చూశాడు. "బుడ్డా, యే తేరా నంబర్ హై నా? ముదీర్‌కి ఫోన్ చేశా. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత వస్తున్నాడు. నీ వీసా క్యాన్సిల్ కాగితం సిద్ధం చేయమన్నాడు." ముదీర్ అంటే మా మేనేజరు.

కాక వయసుకి ఇంకో కఫీల్, అంటే పనికి పెట్టుకునే యజమాని, వీసా ఇవ్వడు. పోతే పోయినట్టే. ఆయన సుత్తి, ఉలి సంచిలో సర్దుకున్నాడు. నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

నమాజు ముగియడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. నా సంచిలో ఆ పుస్తకం పేజీల జిరాక్స్ ఉంది. అందులో నా తప్పుకి ఏదైనా అడ్డు దొరుకుతుందని తీశాను. కష్టంగా ఉందని వదిలేసిన పేజీ పట్టుకుని చదివాను. ఆ కొలతలు దైవదత్తం కావట, ప్రకృతి నియమాలూ కావట. తనకన్నా ముందు ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబితే, ఆయన నడిమధ్య అంకె తీసుకున్నాడు. అలవాటుపడిన కన్నే అందమంటుందని ఆయనే రాశాడు. నేను శాసనమనుకున్నది ఆయన దృష్టిలో ఒక సర్దుబాటు.

ముదీర్ కారు వచ్చింది. ఆయన స్తంభం మెడ చుట్టూ వేలు తిప్పి, కాకని హిందీలో అడిగాడు: "డ్రాయింగు ఎందుకు మార్చావు?"

కాక తల దించుకుని నిలబడ్డాడు. "గలతీ హోగయా సాబ్." నా పేరు చెప్పలేదు.

"కొలత చెప్పింది నేను సార్," అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"ఒక ఫ్రెంచి ఆర్కిటెక్టు సార్."

ముదీర్ ముఖం మారింది. విల్లాకి డిజైను చేసిన కన్సల్టెంటు ఆఫీసులో ఫ్రెంచివాళ్లు ఉన్నారు. "కన్సల్టెంటు మనిషా? అలాగైతే ఖర్చు వాళ్ల మీదే. కాగితం ఉందా?"

ఫోర్‌మన్ కళ్లతోనే 'అవునని చెప్పు' అన్నాడు. అవునంటే కాక మిగిలేవాడు, నేనూ మిగిలేవాణ్ణి. కానీ కాగితమని ఏం చూపించాలి? రేపు వాళ్లు కాదంటే మళ్లీ వెతికేది కాక నంబరే.

"కాదు సార్. ఆయన చనిపోయి మూడు వందల ఏళ్లయింది. లైబ్రరీలో చదివాను."

ముదీర్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

కాక అప్పుడు నోరు విప్పాడు. "సాబ్, మెడకు చుట్టూ సిమెంటు కట్టు పోస్తా. రెండు ముక్కలు చేసి అతికిస్తే ఆ అంచు కనవడది. మూడు రోజులియ్యుండ్రి."

ముదీర్ కిరీటం కింద మళ్లీ వేలు పెట్టి చూశాడు. "మూడు రోజులు. క్యాన్సిల్ కాగితం ఆపు," అన్నాడు ఫోర్‌మన్‌తో. తర్వాత నన్ను చూపించి, "వీడు ఇక డ్రాయింగు ముట్టుకోకూడదు. మిక్సరు దగ్గర పెట్టు. ఖలాస్."

మరుసటి పొద్దున నేను కలిపిన సిమెంటు బకెట్టులో మోసుకెళ్లి, కాక కొత్త అచ్చు పక్కన దించాను. ఆయన అందులో వేలు ముంచి, పైకెత్తి, కారుతున్న చుక్కని చూశాడు.

"నీళ్లెక్కువైనయ్ సారూ. మల్ల కలుపుకరా."