ఏం కూర అని అడగని గొంతు

ఈ మాట కొన్నేళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. గుండెలో అంటే వినటానికి బాగుంటుందేమో గానీ, తప్పు చేసింది గొంతే. చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. మా అమ్మ దగ్గర మొదలుపెట్టి, ఆమె నా వంక చూడగానే, పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర ధైర్యం వచ్చింది.

మాజీ సైనికుల బాగోగులు చూసే ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. పల్లెల్లో ఒంటరిగా ఉంటున్న ముసలి సైనికులకు వారానికోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవటం నా పని. ఎవరికైనా బాగోలేదని నేను చెబితే, మా ఆఫీసు మనిషి ఒకాయన వెళ్ళి చూసి వచ్చేవాడు. అంతే. చిన్న పని. అంత చిన్న పనిని నేనెంత ఇష్టపడ్డానో అప్పట్లో నాకే తెలియదు.

వాళ్ళలో ఒక హవల్దారు గారు ఉండేవారు. పొదిలి అవతల, మెట్ట పొలాల మధ్య పల్లె. భార్య పోయింది, పిల్లలు లేరు. కొంచెం మిరప వేసేవారు. ఫోన్ ఎత్తగానే "వందనాలమ్మా" అనేవారు, చర్చి మెట్ల మీద ఎదురైనంత గౌరవంగా. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మంగళగిరిలో ఆయన మగ్గం చప్పుడు గుర్తుంది గానీ గొంతు గుర్తు లేదు. అందుకేనేమో, ప్రతి మంగళవారం ఫోన్‌లో ఈయన గొంతు వింటే నాకు ఆ రోజంతా బాగుండేది.

మా వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. భోజనం చేశారా అని అడిగితే ఎవరైనా సరే "ఆఁ, అయింది" అంటారు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉన్నా అయిందనే అంటారు. లేదంటే ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టినట్టవుతుందని మొహమాటం. అందుకని మనవాళ్ళు అక్కడితో ఆగరు. "ఏం కూర?" అంటారు. వండుకున్నవాళ్ళు టక్కున చెబుతారు. వండుకోనివాళ్ళు తడబడతారు. హవల్దారు గారైతే తడబడటం కూడా సరిగ్గా తడబడేవారు కాదు. "కూరంటే... ఏదో..." అని నవ్వేసేవారు. నేను కేకలేసేదాన్ని. "ముందు బియ్యం కడగండి, కడిగిన చప్పుడు నాకు వినపడాలి" అనేదాన్ని. ఆయన ఫోన్ పొయ్యి పక్కన పెట్టి నిజంగానే కడిగేవారు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. దానికి నాకు జీతం ఇచ్చేవారంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. కృత్రిమ మేధ అన్నారు. అది తనే ఫోన్ చేస్తుంది, తనే మాట్లాడుతుంది, విన్నదాన్ని బట్టి మనిషి క్షేమమా కాదా తేలుస్తుంది. దానికి గొంతు కావాలి. ముసలివాళ్ళకు అలవాటైన గొంతని నాదే తీసుకున్నారు. రోజుల తరబడి గాజు గదిలో కూర్చోబెట్టి చదివించారు. నా సమ్మతి అడిగారు, ఇచ్చాను. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. అంతమంది ఇళ్ళలో నా గొంతు!

మీరు ఏమేం అడుగుతారో చెప్పండి అన్నారు. చెప్పాను. మందులు, నడక, నిద్ర, భోజనం. ఏం కూర అన్నది మాత్రం చెప్పలేదు. ఎదురుగా పెద్ద ఆఫీసర్లు, ల్యాప్‌టాప్‌లు పెట్టుకున్న ఇంజనీర్లు. వాళ్ళ ముందు కూరల గురించి మాట్లాడితే ఏమనుకుంటారోనని సిగ్గేసింది. ఇంటి మాట ఆఫీసులో ఎందుకులే అనుకున్నాను. ఇది మొదటి తప్పు. దీన్ని మర్చిపోయానని చెప్పి తప్పించుకోవచ్చు. మర్చిపోలేదు.

రెండోది ఇంకా పెద్దది. ప్రతి ఫోనూ "నేను కంప్యూటర్‌ని, మనిషితో మాట్లాడాలంటే చెప్పండి" అన్న మాటతోనే మొదలవ్వాలని పైనుంచి స్పష్టంగా ఆర్డర్ ఉంది. మంచి ఆర్డరే. కానీ ఆ మాట వినగానే ముసలివాళ్ళు ఠక్కున ఫోన్ పెట్టేశారు. సగం మందికి పైగా. మా ఆఫీసర్ తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, నేనే అన్నాను. "ఆ మొదటి మాట తీసేస్తే సరిపోతుంది కదండీ. గొంతు నాదే కదా, ఎవరికి తెలుస్తుంది?"

తీసేశారు. ఎవరికీ తెలియలేదు. ఆఫీసర్ నన్ను మెచ్చుకున్నాడు. నన్ను కాగితాలు స్కాన్ చేసే పనిలోకి మార్చారు.

మంగళవారం పొద్దున ఫోన్ చేసే వేళకి నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది. ఈపాటికి ఆయన వందనాలమ్మా అని ఉంటారు, నా గొంతు ఏమని ఉంటుంది, అనుకుంటూ స్కానర్ ముందు నిలబడేదాన్ని. నేనే ఒకసారి చేస్తే? చేసి ఏం చెప్పను? పొద్దునే మాట్లాడావు కదమ్మా అంటారు. ఆ పొద్దున మాట్లాడింది ఎవరో చెప్పాలి. ఒక్క అబద్ధం చెప్పి ఇంటి తాళంచెవి బావిలో పడేసుకున్నట్టయింది నా పని.

కొన్ని నెలలకు చెవి మిషన్ కోసం ఆయనే మా ఆఫీసుకు వచ్చారు. అదే మొదటిసారి నేను ఆయన్ని చూడటం. నేను ఊహించుకున్న దానికంటే పొట్టి. చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతోంది. నేను ఎవరితోనో మాట్లాడుతుంటే విని దగ్గరికొచ్చి, చేతి సంచిలోంచి గాజు సీసా తీసి నా బల్ల మీద పెట్టారు. పండుమిరపకాయల పచ్చడి.

"మంగళవారం మాట్లాడేది నువ్వేనామ్మా?"

ఇక్కడే చెప్పాల్సింది. ఎదురుగా ఉన్నారు. అడిగారు కూడా.

"నేనేనండి బాబాయ్ గారూ."

"అదే అనుకున్నా. గొంతు ఇట్టే పట్టేశాలే." నవ్వారు. కాసేపు చేతికర్ర వంక చూసుకున్నారు. "ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోవుగా?"

"అడగండి."

"ఈ మధ్య ఏం కూర అని అడగటం మానేశావేందమ్మా? నేనేమన్నా మాట తూలానా?"

"అయ్యో, అదేం లేదండి. పని ఎక్కువైపోయింది. గబగబా కానిచ్చేస్తున్నా."

"అంతేనా! నేనింకేదో అనుకుని తెగ ఇదయిపోయా. పోన్లే తల్లీ. ముసలోళ్ళ కూరలతో నీకేం పని."

లేచారు. గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ వందనాలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ అబద్ధం ఎందుకు ఆడాను? ఉద్యోగం పోతుందని భయం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా ముగిసేది, నోరు జారితే అంతే సంగతులు. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు. ఆయన నా వంక చూసిన చూపు ఉంది చూడండి, అది నాకు కావలసి వచ్చింది. ఆ మంగళవారాల్లో నేను లేను. అయినా వాటి ప్రేమ మాత్రం నేనే తీసుకున్నాను. పోనీ, అబద్ధం ఆడితే ఆడాను, ఆ నిమిషాన "ఇంతకీ ఇవాళ ఏం తిని వచ్చారు?" అని అడగటానికి నాకేమైంది? ఆ వదులు చొక్కా నాకు కనపడలేదా? కనపడింది. అడిగితే మళ్ళీ వచ్చే మంగళవారం కూడా అడగాలి. ఆ గొంతుకి అది రాదు.

పచ్చడి అమ్మా నేనూ తిన్నాం. చాలా బాగుంది కూడా. అన్నిటికంటే ఈ మాట చెప్పుకోవటానికే నాకు సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత వారం వారం కంప్యూటర్ ఇచ్చే జాబితాలో ఆయన పేరు ఎదురుగా "క్షేమం" అనే వచ్చేది. భోజనం చేశారా? ఆఁ, అయిందమ్మా. క్షేమం. ఆ ఎండాకాలం, కల్లంలో మిరపకాయలు ఎండుతున్నప్పుడు, పక్క పొలం వాళ్ళు ఆయన పడిపోయి ఉండటం చూసి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిండి లేక నీరసించిపోయారని డాక్టర్ అన్నాడట. అక్కడి నుంచి ఆయన చెల్లెలు సింగరాయకొండలో తన ఇంటికి తీసుకెళ్ళింది. కోలుకోలేదు.

ఇదంతా ఆ చెల్లెలు చెబితేనే నాకు తెలిసింది. వరసగా ఫోన్ ఎత్తకపోయేసరికి, కనుక్కోమని ఆయన పేరు నా దగ్గరికి వచ్చింది. ఎన్నాళ్ళకో ఆయన నంబరు నా చేత్తో నొక్కాను. అప్పటికి ఆ ఫోన్ ఆమె చేతికి వచ్చినట్టుంది, ఆమె ఎత్తింది. తన దగ్గరకు రమ్మని ఎంత బతిమాలినా అన్న రాలేదని చెప్పింది. మిలట్రీ ఆఫీసు అమ్మాయి వారం వారం ఫోన్ చేస్తుంది, నాకేం లోటు అనేవారట. ఫోన్ పెట్టేసే ముందు ఆమె అంది.

"నువ్వేనా అమ్మా ఆ పిల్లవి? అన్నయ్య ఆఖర్న కూడా నిన్నే తల్చుకున్నాడమ్మా. ఆ పిల్లకి నా మీద కోపం వచ్చింది చెల్లీ, ఎందుకొచ్చిందో తెలీట్లేదు, ఒకసారి కనుక్కో అన్నాడు. ఎందుకమ్మా కోపం?"

లైన్ సరిగ్గా లేదన్నట్టు హలో హలో అని పెట్టేశాను.

తర్వాత ఎప్పుడో తనిఖీకి వచ్చినవాళ్ళు చివాట్లు పెడితే, తీసేసిన ఆ మొదటి మాట మళ్ళీ చేర్చారు. అందులో నా గొప్పేమీ లేదు. తీయించింది ఎవరని వాళ్ళు అడిగినప్పుడు నేను స్కానర్ దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. ఇవాళ్టికీ మంగళవారం నా గొంతు ఎవరెవరి ఇళ్ళలోనో మోగుతూనే ఉంది. కంప్యూటర్‌ని అని చెప్పుకునే మోగుతోంది. నాకు లేని ధైర్యం దానికి ఉంది.

మీరు నన్ను క్షమించాలని ఇదంతా చెప్పలేదు. క్షమించాల్సినాయన లేరు. ఆ చెల్లెలు అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు, అది చెప్పాలి. ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ముందు మీకు చెబుతున్నాను, నోరు అలవాటు పడటానికి.

బాబాయ్ గారూ, నాకు మీ మీద కోపం లేదు. ఏనాడూ లేదు. ఆ మంగళవారాలు మీతో మాట్లాడింది నేను కాదండి.