ఇరవై ల్యాప్‌టాప్‌లు, ఫైలులో లేని కాగితం

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, సంతోష్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ వృత్తి శిక్షణ కేంద్రానికి సిస్టమ్స్ మేనేజర్‌గా బదిలీ అయ్యాను. హోదాలో డైరెక్టర్ తర్వాతి స్థానం నాది. కంప్యూటర్లు కొనాలంటే ఎలాంటివి కావాలో రాసి సంతకం చేయవలసింది నేనే. ఆ కాగితాన్ని స్పెసిఫికేషన్ అంటారు. టెండరు వేసేవాళ్లు అందులో ఉన్నదే ఇస్తారు. కాబట్టి అందులో తప్పుంటే అది రాసినవాడి తప్పే.

ఆ ఏడాది లాడ్ బజార్‌లో గాజుల పని చేసే కుటుంబాల ఆడవాళ్ల కోసం ఒక కొత్త కోర్సు పెట్టాం. లక్క గాజు మీద రాళ్ల అమరికను కంప్యూటర్‌లో గీసి, అన్ని వైపులా తిప్పి చూసుకోవడం నేర్పాలి. సాఫ్ట్‌వేర్ అంతా ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్‌లోనే ఉండాలని పైనుంచి ఆదేశం. అంటే యంత్రాల మీద అలాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ నడవాలి. మొత్తం ఇరవై ల్యాప్‌టాప్‌లు కొనాలి.

మొదటి సమావేశంలోనే డైరెక్టర్ ముందు నేను తేల్చి చెప్పాను, డిజైన్ పని కనుక విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లే కావాలని. ల్యాప్‌టాప్‌లో తెర మీద బొమ్మ చూపించే పని ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్ చేయవచ్చు, లేదా పక్కన విడి కార్డుగా అమర్చిన వేరే చిప్ చేయవచ్చు. మొదటిదాన్ని నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము సాధారణంగా లినక్స్‌తోనే వస్తుంది. వేరే చిప్ సంగతి దాని తయారీదారును బట్టి ఉంటుంది. కొందరు డ్రైవర్‌ను అందరికీ తెరిచి ఇస్తారు. కొందరు లోపల ఏముందో చూపించకుండా తమ సొంత డ్రైవర్ మాత్రమే ఇస్తారు. అలాంటప్పుడు లినక్స్ మారిన ప్రతిసారీ దాన్ని కొత్తగా సరిపెట్టుకోవాలి. స్పెసిఫికేషన్‌లో నేను రాసిన చిప్ ఈ రెండో రకానిది. ఆ తేడా నేను చూడలేదు. మెమరీ ఎక్కువ ఉందని చూశాను.

ఆర్డరు ఇచ్చే ముందు ఒక నమూనా యంత్రాన్ని తెప్పించి ల్యాబ్ టెక్నీషియన్ చేత పరీక్ష చేయించాలన్నది నియమం. మా టెక్నీషియన్ రెహానా బేగం. నలభై ఏళ్లుంటాయి. తొమ్మిదేళ్లుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. కాంట్రాక్టు ప్రతి మార్చిలో పొడిగించేవారు. ఆమె పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకుని నమూనా యంత్రాన్ని రెండు రోజులు నడిపి చూసి నా గదికి వచ్చింది.

“సార్, మిషన్ మంచిగనే ఉన్నది. గని ప్రొజెక్టర్ వస్తలేదు.”

“డ్రైవర్ ఎక్కిస్తే వస్తుంది కదా,” అన్నాను.

“ఎక్కించిన సార్. వచ్చింది. మూత పెట్టి తీస్తే మళ్ల తెర నల్లగైతున్నది. ప్రొజెక్టర్ వైరు పెట్టే జాగను గా విడి కార్డుకే కలిపిండ్రు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా గిదే లొల్లి ఉంటది. మన పనికి ప్రాసెసర్ల ఉన్న గ్రాఫిక్సే సరిపోతది. మన దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ మీద గాజు డిజైన్ తిప్పి చూసిన, మస్తు తిరుగుతున్నది.”

రాసి ఇమ్మన్నాను. మర్నాడు పొద్దున ఒక పేజీ రాసి, సంతకం చేసి తెచ్చి ఇచ్చింది. ఏం పరీక్షించిందో, ఏం జరిగిందో, బదులుగా ఏం కొనాలో వరుసగా ఉంది.

స్పెసిఫికేషన్ మార్చితే టెండరు మళ్లీ పిలవాలి, కోర్సు ఆలస్యమవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. డైరెక్టర్ ముందు అంత ధీమాగా మాట్లాడినవాణ్ణి, ఒక కాంట్రాక్టు టెక్నీషియన్ చెబితే మాట మార్చుకోవడం నాకు నామోషీ అనిపించింది. ఆమె కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టాను. ఫైలులో మాత్రం ‘నమూనా పరీక్షించడమైనది, సంతృప్తికరం’ అని రాసి సంతకం చేశాను.

ఆ యంత్రాలే కొన్నాం, కోర్సు మొదలైంది. ఫిబ్రవరిలో చివరి పరీక్ష. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ముందు రోజు యంత్రాలు వాటంతటవే అప్‌డేట్ అయ్యాయి. పొద్దున ఆన్ చేస్తే ఇరవైలో పదకొండు తెరలు నల్లగా ఉండిపోయాయి. ప్రొజెక్టర్ మీద ఏమీ రాలేదు. ముందు వరుసలో ఉన్న ఒకావిడ రెహానా చెయ్యి పట్టుకుని, అక్కను పిలిచినట్టు, “బాజీ, నా డిజైన్ పోయినట్టేనా?” అని అడిగింది.

“పోలే. లోపలనే ఉన్నది. ఫికర్ చేయకుండ్రి,” అంటూ రెహానా ఒక్కొక్క యంత్రాన్ని అప్‌డేట్‌కు ముందున్న లినక్స్‌తో మళ్లీ లేపింది. అన్నీ లేచేసరికి మధ్యాహ్నమైంది. ఎగ్జామినర్ అంతసేపు ఆగలేదు. ‘ల్యాబ్ నిర్వహణ లోపం’ అని రాసి, పరీక్షను వాయిదా వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం డైరెక్టర్ మా ఇద్దరినీ పిలిచి బాధ్యత ఎవరిదని అడిగాడు.

“మెయింటెనెన్స్ రెహానా చూస్తుంది సార్,” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. “నేను ముందే రాసిచ్చిన గద సార్.”

ఏం రాసిచ్చిందని డైరెక్టర్ నన్ను అడిగాడు.

“ఫైలులో అలాంటిదేమీ లేదు సార్.”

నేను అన్న రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. అందుకే అవి అంత తేలిగ్గా నోటికి వచ్చాయి.

మార్చిలో ఆమె పనితీరు నివేదిక రాయవలసింది నేనే. ‘సంతృప్తికరం కాదు’ అని రాశాను. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు ల్యాబ్ తాళాలు, సామాను జాబితా తెచ్చి నా సంతకం తీసుకుంది. నేను జాబితా మీదనుంచి తల ఎత్తలేదు.

మరుసటి ఏడాది రెండో విడత ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడు సొరుగులోంచి ఆమె కాగితం తీసి, అందులో ఉన్నదంతా స్పెసిఫికేషన్‌లోకి ఎక్కించాను. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉండాలి, డ్రైవర్ లినక్స్‌తోనే రావాలి, మూతా ప్రొజెక్టరూ పరీక్షించాకే ఆర్డరు ఇవ్వాలి. ఆ యంత్రాలు ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. డైరెక్టర్ సమావేశంలో నన్ను మెచ్చుకున్నాడు. థాంక్యూ సార్ అన్నాను.

రిటైరయ్యాక ఒకరోజు నా సొంత ల్యాప్‌టాప్ పాడైతే సంతోష్‌నగర్‌లోనే ఒక రిపేరు దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక రెహానా ఉంది.

“రండ్రి సార్, కూసోండ్రి,” అని కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది. ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పుతూనే అడిగింది. “సార్, గప్పుడు నేనిచ్చిన కాగితం ఏమైంది?”

సొరుగులో పెట్టానని, రెండో విడతకు వాడుకున్నానని, అన్నీ చెప్పాను. ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

“అంటే నేను రాసిందే కరెక్టని మీకు ఎరకే.”

“ఎరకే.”

స్క్రూడ్రైవర్ మళ్లీ అందుకుని అంది. “సర్కారు ల్యాబ్‌లల్ల రెండుసార్లు ఇంటర్వ్యూకు పోయిన సార్. రెండుసార్లూ మీరు రాసిన రిపోర్టు చూసి వాపస్ పంపిండ్రు. గా రిపోర్టు తీయించగలరా?”

తీయిస్తానని మాట ఇచ్చాను. మర్నాడే జరిగినదంతా రాసి, రిటైరయ్యేటప్పుడు ఇంటికి తెచ్చుకున్న ఆమె కాగితాన్ని జతచేసి కేంద్రంలో ఇచ్చి, ముట్టినట్టు నంబరు వేయించుకున్నాను. నెలన్నరకు జవాబు వచ్చింది. నివేదిక రాసిన అధికారి సర్వీసులో ఉండగానే దాన్ని సవరించాలి, రిటైరైన అధికారి వాంగ్మూలం మీద మార్చే వీలు లేదు, నా లేఖను రికార్డులో ఉంచుతున్నారు. అంతే. ఆ జవాబు తీసుకెళ్లి రెహానాకు చూపించాను. చదివి, మడిచి నాకే ఇచ్చింది. “గిట్లనే అయితదనుకున్న సార్,” అని, ఎప్పుడో బాగుచేసి ఉంచిన నా ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది.

ఇలాంటి కొనుగోళ్లు చూసేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఏ యంత్రం కొన్నా దాని మీద నడవబోయే లినక్స్‌తోనే, చేయబోయే పనితోనే పరీక్ష చేయించండి. పరీక్షించిన మనిషి రాసిచ్చిన కాగితానికి ఆ రోజే పేజీ నంబరు వేసి ఫైలులో పెట్టండి, అది మీ మాటకు అడ్డమైనా సరే. తప్పు దిద్దే అధికారం పదవిలో ఉన్నన్నాళ్లే ఉంటుంది. ఆ నివేదిక రాశాక నాకు రెండేళ్లకు పైగా సర్వీసు ఉంది. ఏ రోజైనా దాన్ని మార్చగలిగేవాణ్ణి. మార్చలేదు.