ముగ్గు లేని గేటు

మా కాలనీ తెనాలి శివార్లలో ఉంది. ఇళ్లకంటే ఖాళీ స్థలాలు ఎక్కువ, వాటికంటే మా భయాలు ఎక్కువ. అందుకే ఎవరు ఊరెళ్లినా సుందరమ్మకు చెప్పి వెళ్లేవాళ్లం. ఆమె పొద్దున్నే వచ్చి గేటు ముందు కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది. ముగ్గు కనిపిస్తే ఇంట్లో మనుషులున్నారనుకుని దొంగ పక్కకు పోతాడని మా తెలివి.

సుందరమ్మది నిజాంపట్నం దగ్గర పల్లె, ఉండేది మా కాలనీ చివర రేకుల ఇంట్లో. భర్త మత్తయి బోటు మీద వేటకు వెళతాడు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లే మనిషి, మిగతా రోజులు మా వాకిళ్లలో పద్మాలు వేసేది. ఆమె పద్మం పక్కన నా ముగ్గు కోడి గీకినట్టుండేది.

మా ఎదురింటి భువనేశ్వరి బావగారు బాపట్లలో పోయారు. కబురు రాగానే భార్యాభర్తలిద్దరూ ఏడుస్తూ కారెక్కారు. వెళుతూ వెళుతూ, "ఇల్లు కాస్త చూసుకో సుందరమ్మా" అంది భువనేశ్వరి. కర్మకాండలు ముగించుకుని వచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువాలో బంగారం లేదు. గేటు ముందు ముగ్గు కూడా లేదు.

ఇంకేముంది, కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజులు మోగిపోయాయి. రోజూ ముగ్గేసే మనిషి అప్పుడే ఎందుకు మానేసింది? దొంగలకు అది సైగట! బోటు మనుషులతో ఎప్పుడైనా ప్రమాదమేనట! చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. అయినా ఆ రాత్రి తలుపు గడియ మళ్లీ మళ్లీ చూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మర్నాడు ఆమెను భువనేశ్వరి గేటు దగ్గర నిలబెట్టారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన శేషగిరిరావుగారు ముందుకొచ్చారు.

"ముగ్గెందుకు మానేశావ్?"

"చావు కబురొచ్చిన ఇల్లు కదండి. మైలలో ముగ్గు పెట్టకూడదని పెట్టలేదండి." సుందరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"చర్చికెళ్లేదానివి, నీకు మైలేంటి?"

"నాకు లేదండి. మీకుంది కదండి."

ఆ మాట నిజమని అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ పోలీసు జీపు అప్పటికే వీధి మలుపు తిరిగింది. సుందరమ్మ దాన్ని చూసి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మా ఆయన సముద్రంలో ఉన్నాడమ్మా. ఎవరు చెబుతారమ్మా ఆయనకి?" అంటూనే జీపెక్కింది.

రెండోరోజుకి రేపల్లెలో దొంగ దొరికాడు. గాజులు అమ్ముతుంటే పట్టుకున్నారట. ముగ్గు లేని గేటు చూసి ఇల్లు ఖాళీ అనుకున్నానని, సుందరమ్మ ఎవరో తనకు తెలియదని చెప్పాడట. స్టేషన్ నుంచి తిరిగొచ్చిన సుందరమ్మ చేతులు పట్టుకుని భువనేశ్వరి ఏడ్చింది. శేషగిరిరావుగారు మాత్రం, "పోనీలే, ఇకముందు జాగ్రత్తగా ఉండు" అన్నారు. ఎవరు జాగ్రత్తగా ఉండాలో ఆయనకే తెలియాలి.

మొన్న మా చెల్లెలి గృహప్రవేశానికి బయల్దేరుతూ, అలవాటు కొద్దీ రేకుల ఇంటి ముందు ఆగి సుందరమ్మను పిలిచాను.

"సుందరమ్మా, మేం ఊరె..."

మాట పూర్తి కానివ్వలేదు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.

"చెప్పొద్దమ్మా! మీరు ఊళ్లో ఉండరని నాకు తెలియొద్దమ్మా!"