ముసలి ఎలుక మరుపు

నిరుటి సంగతి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ నారాయణగూడలోని ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. వయసు మీద పడ్డాక ఎలుకల మెదడులో కణాలు ఎలా మారతాయన్నది నా విషయం.

ఒకరోజు జంతువుల బాగోగులు చూసే కమిటీ నుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చారు. మా గైడ్ సార్ పక్కనే ఉన్నారు. నేను కింది అరలోని బోను తెరిచి, ముసలి ఎలుకను తీసి చూపించి, మళ్లీ లోపల పెట్టాను. "దీని మెదడులో కణాలు ఉబ్బిపోయి ఉంటయి సార్. జ్ఞాపకం తగ్గుతది, దారి కూడా మరిచిపోతది" అని హుషారుగా చెప్పుకుపోతున్నాను.

ఇంతలో కాళ్ల పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. బోనుకు గడియ పెట్టడం మరిచిపోయాను! ఎలుక బీరువా కిందికి దూరింది. మా సార్ కుర్చీ ఎక్కేశారు. అది దొరక్కపోతే నా పరిశోధనకు అనుమతే పోతుంది.

పెద్దాయన మాత్రం కదల్లేదు. "మరుపు ఎవరికమ్మా, దానికా, నీకా?" అన్నారు.

నేను నేల మీద బోర్లా పడుకుని బీరువా కింద వెతుకుతుంటే ఆయనే పిలిచారు. "లే బిడ్డా, జర ఇటు జూడు."

ఎలుక బీరువా వెనకనుంచి బయటపడి, వరసలోని బోన్లన్నీ దాటుకుంటూ వచ్చి, తన బోనులోకే దూరి కూర్చుంది!

నెల తర్వాత ఆ ఎలుకను చంపి, దాని మెదడు ముక్కను మైక్రోస్కోప్ కింద చూశాను. కణాలు నేను చెప్పినట్టే ఉబ్బి ఉన్నాయి. మా సార్ నా భుజం తట్టారు. కణాల విషయంలో నా మాటే నిజమైంది. ఆ సాయంత్రం చిక్కడపల్లి దాకా నడిచినా, సంతోషం మాత్రం రాలేదు.