మూడో సిలిండర్ చప్పుడు

మూడేళ్ళ కిందట, వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద పోతున్న కారులో, పక్క సీట్లో కూర్చుని, కారు నడుపుతున్న డాక్టరుగారితో “ఇంకొంచెం తొక్కండి మేడమ్, ఏమీ కాదు” అన్నాను. ఆ మాట నేను అనకూడదు. అనే అర్హత నాకు అప్పటికే పోయింది. పోయిందన్న అనుమానం కూడా లేకపోలేదు. మా వృత్తి గురించి ఎవరైనా అడిగితే బాగా చేసిన కార్ల గురించి చెప్పడం తేలిక. నేను ఈ కారు గురించి చెబుతాను.

అప్పుడు నేను అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, యాదగిరి వర్క్‌షాపులో సీనియర్ క్యాలిబ్రేటర్‌ని. అంతకుముందు ఒక కార్ల కంపెనీలో ఇంజన్లను బిగించి పరీక్షించే టెస్ట్ బెడ్ల పక్కనే తల నెరిసింది. ఇంజన్‌కు ఎప్పుడు ఎంత పెట్రోలు పోవాలి, ఏ క్షణాన స్పార్క్ రావాలి, టర్బో ఎంత గాలి లోపలికి నెట్టాలి అన్న లెక్కలన్నీ కారు కంప్యూటర్‌లో పట్టికలుగా ఉంటాయి. వాటన్నిటినీ కలిపి మ్యాప్ అంటాం. కంపెనీవాళ్ళు కొంత బలం దాచిపెట్టి మ్యాప్ రాస్తారు. కల్తీ పెట్రోలు పోసేవాడికీ, సర్వీసు మరిచిపోయేవాడికీ కూడా ఆ కారు నడవాలి కదా. ఆ దాచిన బలాన్ని బయటికి తీయడమే ట్యూనింగ్.

హద్దు దాటి తీస్తే నాకింగ్ వస్తుంది. సిలిండర్‌లో పెట్రోలు వరసగా మండాల్సింది పోయి, ఒక మూల తనంతట తానే పేలుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు సన్నని చప్పుడు. అది వదలకుండా ఉంటే పిస్టన్ పగులుతుంది. అందుకని ఇంజన్‌కు నాక్ సెన్సర్ అని ఒకటి బిగించి ఉంటుంది. అది ఇంజన్‌కు చెవి. ఆ చప్పుడు వినగానే కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త వెనక్కి జరిపి ఇంజన్‌ను కాపాడుకుంటుంది.

సెన్సర్ కూడా అప్పుడప్పుడు మోసపోతుంది. దగ్గర్లో ఏ బ్రాకెట్టో వదులై అదిరినా నాకింగే అనుకుంటుంది. దాన్ని మేం దొంగ నాకింగ్ అంటాం. అసలుదో దొంగదో తేల్చుకోవడానికి ఇంజన్‌కు చిన్న మైకు తగిలించి హెడ్‌ఫోన్‌లో వింటాం. మా వర్క్‌షాపులో ఆ హెడ్‌ఫోన్ నా ఒక్కడిదే. రూలు ఏమీ కాదు, అలా అలవాటైపోయింది. నేను విని తల ఊపితే యాదగిరి ఆ మ్యాప్ ఫైలు లాక్ చేసేవాడు. వచ్చినవాళ్ళందరికీ “అన్న చెవి ముంగట కంప్యూటర్ ఎంత?” అని చెప్పుకునేవాడు. నేను ఒక్కసారి కూడా వారించలేదు.

అనురాధగారిది మధురానగర్. బంజారా హిల్స్‌లో ఒక ఆస్పత్రిలో మత్తు డాక్టరు. ఆమె టర్బో స్పోర్ట్స్ సెడాన్ కొని ఏడాది కూడా కాలేదు. వచ్చిన రోజు, ఎమర్జెన్సీ కాల్ వస్తే త్వరగా చేరాలని ట్యూనింగ్ చేయించుకుంటున్నానని మొదలుపెట్టి, తనే నవ్వేశారు. “అది మా అత్తగారికి చెప్పే కారణం లెండి. టర్బో తన్నినప్పుడు వీపు సీటుకి అతుక్కుంటుందే, నాకది ఇష్టం.”

“మీరు ఇంజన్‌కు ఎన్ని గుర్రాలు కట్టినా అమీర్‌పేట సిగ్నల్ కాడ అన్నీ నిలవడాల్సిందే మేడమ్” అన్నాడు యాదగిరి. “గడ్డి ఖర్చు సుత మీదే.”

కారణం అత్తగారి కోసమే చెప్పినా, అందులో అబద్ధం లేదు. వారంలో కొన్ని రోజులు ఆమె ఆన్ కాల్. పిలుపు వస్తే ఆ కారులోనే పోవాలి. అది విన్న తరవాతే నేను పని మొదలుపెట్టాను.

శనివారం మధ్యాహ్నం కారును సెల్లార్‌లో డైనో మీదికి ఎక్కించాం. డైనో అంటే నేలలో దించిన రోలర్లు. చక్రాలు వాటి మీద తిరుగుతాయి, కారు ఎక్కడికీ పోదు. ఎన్నేళ్ళు చూసినా ఆ దృశ్యం నాకు అలవాటు కాలేదు. నాలుగు వైపులా బెల్టులతో కట్టేసిన కారు, డ్రైవరు చూపు ఎదురుగోడ మీద, స్పీడోమీటరు హైవే వేగం చూపిస్తుంటుంది, గోడ మాత్రం దగ్గరికి రాదు.

మొదటి రెండు మార్పులూ శుభ్రంగా కుదిరాయి. మూడోసారి స్పార్క్‌ను ఇంకాస్త ముందుకు జరిపాక, స్క్రీన్ మీద మూడో సిలిండర్ స్పార్క్ గీత వెనక్కి తగ్గింది. మళ్ళీ తిప్పాం. అదే వేగం దగ్గర, అదే సిలిండర్, మళ్ళీ వెనక్కి. ఇంజన్ ఏదో వింటోంది. విని జంకుతోంది. నా హెడ్‌ఫోన్‌లో మాత్రం పట్టు చీర జారినంత మెత్తని మోత. ఇంకేమీ లేదు.

ఖాళీ గదిలో కుక్క ఒకే మూలకేసి చూసి మొరుగుతుంటే ఎలా ఉంటుంది? ఆ మూల ఏమీ లేదని మనకు తెలుసు. అయినా ఆ మూలకు వీపు పెట్టి కూర్చోలేం. నాకు అలాగే అనిపించింది. ఇంజన్ ఆపి బ్రాకెట్లన్నీ చేత్తో కదిపి చూశాను. ఒక్కటీ వదులు లేదు. అప్పుడైనా ఆగాల్సింది.

“అన్న, జర ఒక మెట్టు కిందికి దించుదామా? గా మూడోది ఊకె ఎనక్కి పోతుంది” అన్నాడు యాదగిరి.

“నేను వింటున్నా కదా” అన్నాను.

దొంగ నాకింగ్ అని తేల్చేశాను. మూడో సిలిండర్‌కు సెన్సర్ హద్దు పెంచాను. అంటే ఇకమీదట ఆ చప్పుడు వినిపించినా పట్టించుకోవద్దని కంప్యూటర్‌కు చెప్పడం. మళ్ళీ తిప్పితే గీత కదలకుండా నిలబడింది. నేను తల ఊపాను. యాదగిరి ఫైలు లాక్ చేశాడు. మెట్లెక్కుతూ, ఎప్పట్లాగే కీచురాళ్ళను తిట్టుకున్నాడు. “వాన పడ్డదంటే సాలు, సెల్లార్ల సెవులు పగలగొడ్తయి.” ప్రతి వానాకాలం అతను ఆ మాట అనడం, నేను నవ్వడం మామూలే. మా సెల్లార్‌లో కీచురాళ్ళు ఉన్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకునేవాణ్ణి.

ఆదివారం పొద్దున్నే అనురాధగారు ఫోన్ చేశారు. బండి బ్రహ్మాండంగా లాగుతోందట. కానీ గట్టిగా తొక్కినప్పుడు ముందు నుంచి ఎవరో గోటితో తలుపు తట్టినట్టు వినిపిస్తోందట. సెలవురోజే అయినా వచ్చి ఒకసారి వింటారా అని అడిగారు. వెళ్ళాను.

ఆదివారం పొద్దున అమీర్‌పేట నాకు తెలిసిన అమీర్‌పేట కాదు. ఏ భాషైనా నెలలో నేర్పిస్తామన్న బోర్డులన్నీ అలాగే వేలాడుతుంటాయి, కింద మనుషులుండరు. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. మెట్రో లైను కింద స్తంభం వెంట స్తంభం దాటుకుంటూ పంజాగుట్ట వైపు పోతుంటే, ఆమె అద్దాలు దించారు.

“స్తంభాలకు కొట్టి చప్పుడు వెనక్కి వస్తోందండీ, ఇక్కడ బాగా తెలుస్తుంది. ఇదిగో. విన్నారా?”

“లేదు మేడమ్.”

“ఇప్పుడు?”

“లేదు.”

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూశారు. ఆస్పత్రిలో పేషెంటును అలాగే చూస్తారేమో. ఎండ అప్పుడే స్తంభాల మధ్య నుంచి పడుతోంది. ఒకే కారు, ఒకే చప్పుడు. పక్క పక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరికి అది ఉంది, ఒకరికి లేదు. అప్పటిదాకా, లేనిదాన్ని ఆమె వింటున్నారనుకున్నాను. ఇటువైపు నుంచి కూడా ఆలోచించవచ్చని ఆ క్షణంలో తట్టింది. తట్టినదాన్ని తోసేశాను. ఇంట్లో కాలింగ్ బెల్ వినిపించుకోవడం లేదని మా ఆవిడ పోరినప్పుడూ ఇలాగే తోసేశాను. ఊళ్ళో పిచ్చుకలు లేకుండా పోయాయని నలుగురిలో బాధపడ్డాను కూడా.

“మా థియేటర్లో మానిటర్ మోగితే ముందు పేషెంటుని చూస్తాం” అన్నారామె. “మానిటర్ చెడిపోయిందేమో అన్నది ఆఖరి ప్రశ్న. మీ దగ్గర ఎలా?”

“మా దగ్గర ముందు చెవి మేడమ్” అన్నాను.

పంజాగుట్ట దాటి చుట్టూ తిరిగి, బంజారా హిల్స్ వైపు పోవడానికి ఫ్లైఓవర్ ఎక్కాం. ఎదురుగా ఖాళీ రోడ్డు. ఇక్కడైతే ఇంజన్ మీద బరువు పడుతుంది, ఏమున్నా తేలిపోతుందని, ఇంకొంచెం తొక్కమన్నాను. “వినిపిస్తోందండీ, గట్టిగా వినిపిస్తోంది” అంటూనే ఆమె నా మాట మీద తొక్కారు.

ఆ తరవాత వచ్చిన చప్పుడు నాకూ వినిపించింది. అది మొద్దు చప్పుడు. కారు ఒక్కసారి కుంగినట్టయి బలం వదిలేసింది. వెనక అద్దంలో నీలం పొగ. వెనక వస్తున్న బస్సు హారన్ మోగిస్తూ పక్క నుంచి తప్పుకుపోయింది. ఆమె తడబడకుండా కారును గోడ పక్కకు చేర్చి, హజార్డ్ లైట్లు వేశారు. అప్పుడే కారు స్పీకర్లలో ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి. ఎవరికో ప్రమాదం, థియేటర్ సిద్ధమవుతోంది, ఎంతసేపట్లో వస్తారని.

“ఎంతసేపు పడుతుందో చెప్పలేను, ఇంకో డాక్టర్నీ పిలవండి” అన్నారామె. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. తాళం నా చేతిలో పెట్టి, దిగి, ఒక బైకు అబ్బాయికి చెయ్యి అడ్డం పెట్టి, వెనక ఎక్కి వెళ్ళిపోయారు.

యాదగిరిని పిలిచి, కారును లాక్కొచ్చి సెల్లార్‌లో పెట్టాక, శనివారం రికార్డు చేసిన మైకు శబ్దం పెట్టమన్నాను. అన్నేళ్ళలో మొదటిసారి యాదగిరి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. మూడోసారి తిప్పిన దగ్గరికి రాగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ వెనక్కి జరిపి విన్నాడు. తీసి నాకిచ్చాడు. నేను పెట్టుకున్నాను. పట్టు చీర జారినట్టు మెత్తని మోత.

హెడ్‌ఫోన్ తీశాను. యాదగిరి రికార్డింగ్ ఆపేశాడు. తరవాత నెమ్మదిగా, ఎప్పుడూ లేని గొంతుతో అడిగాడు.

“అన్న, గీ కీచురాళ్ళు మొత్తుకుంటున్నయ్ గద. ఇనవడ్తున్నయా?”

నేను సెల్లార్ అంతా చూశాను. ఆపేసిన ఫ్యాను, తడిసిన గోడ, కట్టిపెట్టిన బెల్టులు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

ఇంజన్ విప్పితే మూడో పిస్టన్ అంచు విరిగి ఉంది. పైభాగం ఇసుకతో రుద్దినట్టు గరుకు తేలింది. అసలు నాకింగ్‌కు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మర్నాడు ఆస్పత్రి క్యాంటీన్‌లో అనురాధగారికి అంతా చెప్పాను. అనుమానం ఉండీ దాచుకున్నానని కూడా చెప్పాను. పేషెంటు సంగతి అడిగాను. వేరే డాక్టరును పిలిపించి మొదలుపెట్టారట, ఆలస్యమైంది, బతికాడు. బతకకపోయి ఉంటే ఇది రాసే ధైర్యం నాకు ఉండేదని అనుకోను.

“మీకు వినపడకపోవడం జబ్బు. దానికి నాకు కోపం లేదు” అన్నారామె. “వినపడనప్పుడు కూడా తల ఊపారు చూడండి, అది జబ్బు కాదు.”

ఆమే నన్ను చెవి డాక్టరు దగ్గరికి పంపారు. పరీక్ష గీత కొంతదూరం తిన్నగా నడిచి, పై స్థాయి శబ్దాల దగ్గర గోతిలో పడింది. మోతల మధ్య పనిచేసినవాళ్ళకు మామూలేనట. నాకింగ్ చప్పుడూ, కీచురాళ్ళ రొదా సరిగ్గా ఆ గోతిలోనే ఉంటాయి. కంపెనీ ఇచ్చిన చెవి మూతలను, ఇంజన్ బాగా వినాలని నేనే తీసి పక్కన పెట్టేవాణ్ణి.

ఆమె ఇంజన్‌ను నా చేతులతోనే తిరిగి కట్టాను. కంపెనీ మ్యాపే మళ్ళీ ఎక్కించాను. ఆ తరవాత నేను సెన్సర్ హద్దు పెంచిన కార్లన్నిటి యజమానులకూ ఫోన్లు చేసి జరిగింది చెప్పాను. వినడం మానేయమని నేను చెప్పిన ప్రతి సెన్సర్‌ను మళ్ళీ వినేట్టు చేశాను. ఒకాయన తిట్టి తీసుకొచ్చాడు. ఇంకొకాయన “మస్తు పోతుంది సార్, దాన్ని ముట్టకండి” అని నవ్వాడు. ఆయన ఇంటికి ఎస్.ఆర్. నగర్ వరకూ నాలుగుసార్లు తిరిగి ఒప్పించాను. హెడ్‌ఫోన్ యాదగిరికి అప్పగించి ఉద్యోగం మానేశాను. ఇప్పుడక్కడ ఇద్దరు విని ఒప్పుకుంటేగాని ఫైలు లాక్ చేయరు. సెన్సర్, మనిషి చెరో మాట చెబితే ముందు మనిషిని పరీక్షించాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఏ టెస్ట్ బెడ్ దగ్గరైనా మొదటి రోజే చెప్పే మాట ఇది.

ఒక కారు మాత్రం దొరకలేదు. తెల్ల సెడాన్. నేను ఫోన్ చేసేసరికే యజమాని అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు, ఆ నంబరు పనిచేయడం లేదు. అది ఎక్కడో తిరుగుతూ ఉంటుంది, లోపల ఏదైనా తడుతుంటే తనకు వినపడదు. పాత కార్లు కొని అమ్మేవాళ్ళ దగ్గరికి వీలైనప్పుడల్లా వెళ్ళి ఇప్పటికీ అడుగుతున్నాను. వెళ్ళే ముందు చెవి మిషన్ పెట్టుకుంటాను.